జ్యూరీ సమన్లు, ఇండియా టికెట్లు ఒకే నెలలో పడితే: వాయిదా ఎలా అడగాలి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఏం రాయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు, సిటిజన్‌షిప్ వచ్చి ఏడాది దాటింది. ఆగస్టు మూడో వారంలో జ్యూరీ డ్యూటీకి, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి, రమ్మని సమన్లు వచ్చాయి. శ్రావణంలో చెల్లెలి పెళ్ళి కాబట్టి ఆగస్టు 10న బయల్దేరి సెప్టెంబరు 5న తిరిగొచ్చేలా టికెట్లు ముందే కొనేశారు. ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్న మీ ఆవిడకీ అలాంటి కాగితమే వచ్చింది. మేనేజరేమో ఎలాగోలా తప్పించుకోమంటున్నాడు. వాయిదా అడిగితే రికార్డులో మచ్చ పడుతుందా, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతే ఏమవుతుంది, మీ ఆవిడ సంగతేమిటి?

వాయిదా అడిగినందుకు ఎక్కడా మచ్చ పడదు. టెక్సాస్‌లో మొదటి వాయిదాకి కోర్టు క్లర్కును బతిమాలాల్సిన పని కూడా లేదు. గత ఏడాదిలో ఆ కౌంటీలో మీరు ఇంకో వాయిదా తీసుకుని ఉండకపోతే, హాజరు తేదీకి ముందే అడిగితే, ఇచ్చి తీరాలని రాష్ట్ర గవర్నమెంట్ కోడ్ 62వ అధ్యాయంలో ఉంది. అంటే మీది పది నిమిషాల పని. దాన్ని కాసేపు పక్కన పెట్టి ముందు మీ ఆవిడ కాగితం చూద్దాం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా, పొరపాటు చేస్తే జీవితాంతం వెంటాడేది ఆవిడ దాంట్లోనే ఉంది.

జ్యూరీలో కూర్చోవడానికి అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు, హెచ్1బీ వీసా, హెచ్4 ఈఏడీ (భార్యాభర్తల వీసా మీద వచ్చే పని అనుమతి), ఏదీ చాలదు. మరి కాగితం ఎందుకొచ్చిందంటే, కౌంటీ తన జ్యూరీ జాబితాని ఓటర్ల జాబితా, డీపీఎస్ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) వాళ్ళ డ్రైవింగ్ లైసెన్సు, ఐడీ కార్డుల జాబితా కలిపి తయారుచేసుకుంటుంది. ఆ జాబితాలో ఎవరు పౌరులు, ఎవరు కాదు అన్న వివరం ఎప్పుడూ సరిగ్గా ఉండదు. కంప్యూటర్ పేర్లు తీస్తుంది, కాగితాలు పోస్టులో పడతాయి. అందుకే గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరుంటూ ఐడీ కార్డు తీసుకున్న అమ్మానాన్నలకీ, హెచ్1బీ మీద ఉన్న కుర్రాళ్ళకీ ఇవి వస్తూనే ఉంటాయి. వచ్చినందుకు కంగారు పడక్కర్లేదు. అలాగని చెత్తబుట్టలో వేయకూడదు.

ఆవిడ చేయాల్సింది ఒక్కటే. సమన్లతో పాటు వచ్చిన ఫారంలో (చాలా కౌంటీల్లో ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది) అర్హతలు, అనర్హతలు ఉన్న భాగానికి వెళ్ళి, తాను అమెరికా పౌరురాలిని కాదన్న గడిలో టిక్కు పెట్టాలి. సంతకం, తేదీ వేసి గడువులోపు పంపాలి. ఆన్‌లైన్‌లో అయితే చివరి పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. పోస్టులో పంపితే పంపేముందు రెండు వైపులా ఫోటో తీసుకోవాలి. అక్కడితో ఆవిడ పని అయిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు వేరే ఉంది. అదే ఫారంలో కాస్త కిందికి మినహాయింపుల జాబితా ఉంటుంది. అందులో 12 ఏళ్ళలోపు పిల్లలున్నవారు అన్న గడి కనిపించగానే, హమ్మయ్య ఇది మనకే అని దానికి టిక్కు పెట్టేస్తారు. పైన పౌరసత్వం ప్రశ్న చదవకుండా వదిలేస్తారు, లేదా చేతి అలవాటుకొద్దీ అవును అని నొక్కేస్తారు. మినహాయింపు అనేది అర్హత ఉన్నవాళ్ళు వాడుకునేది. ఆవిడకి అసలు అర్హతే లేదు కాబట్టి మినహాయింపు మాట ఎత్తకూడదు. పౌరసత్వం లేకపోయినా ఉన్నట్టు సంతకం పెట్టిన కాగితం ఒకటి కోర్టు ఫైల్లో ఉంటే, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని పౌరసత్వం గురించి చెప్పిన అబద్ధంగా చూడగలదు. దానికి శిక్ష జరిమానాతో పోదు. దేశంలోకి ప్రవేశానికి శాశ్వత అనర్హత, డిపోర్టేషన్ దాకా వెళ్తుంది. రేపు ఎన్-400 (పౌరసత్వం దరఖాస్తు) నింపేటప్పుడు, ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నారా అన్న ప్రశ్నకి జవాబు రాయాల్సి వస్తుంది. అర నిమిషం నిదానిస్తే తప్పే ప్రమాదం ఇది.

దీనికి అనుబంధంగా ఇంకో పని. టెక్సాస్‌లో పౌరులం కాదని చెప్పినవాళ్ళ పేర్లు క్లర్కు దగ్గర్నుంచి ఓటర్ల రిజిస్ట్రారుకీ, రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకీ వెళ్తాయి. ఆవిడ ఓటరుగా నమోదై లేకపోతే దీనివల్ల ఏ నష్టమూ లేదు. కానీ లైసెన్సు తీసుకునేటప్పుడు కౌంటర్లో అడిగిన ఓటరు నమోదు ప్రశ్నకి పొరపాటున సరే అన్నవాళ్ళు ఉంటారు. కౌంటీ వెబ్‌సైట్‌లో పేరు, పుట్టినతేదీ కొట్టి ఒకసారి చూసుకోండి. పేరు గనక కనిపిస్తే, సొంతంగా ఏ ఉత్తరమూ రాయకుండా ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి. ఆ సలహా ఫీజు వృథా పోదు.

పనిలో పనిగా తిరగబడ్డ కేసు కూడా చెప్పుకోవాలి. సిటిజన్ అయి ఉండి, తప్పించుకోవడానికి పౌరుణ్ణి కాదని టిక్కు పెట్టే తెలివైనవాళ్ళున్నారు. ఆ పేరూ అదే దారిలో రిజిస్ట్రారు దగ్గరికి చేరి, ఓటు రద్దయ్యే దాకా వస్తుంది. పైగా తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 100 నుంచి 1000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. ఒక్క రోజు కోర్టుకి వెళ్ళడం కన్నా అది చాలా ఖరీదైన పని.

ఇక మీ సమన్లు. మొదట చూడాల్సింది పంపింది ఎవరు అన్నది. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది. ఇల్లు కాలిన్ కౌంటీలో ఉంటే కోర్టు మెకిన్నీలో, డెంటన్ కౌంటీ వైపు ఉంటే డెంటన్‌లో. పక్క వీధివాళ్ళు తమకి వచ్చిన వెబ్‌సైట్ పంపిస్తే దాంట్లో మీ జ్యూరర్ నంబరు కొట్టి, దొరకట్లేదని కూర్చోవడం జరుగుతుంది. కౌంటీవే కాకుండా, నగరపాలక కోర్టు, అంటే ట్రాఫిక్ టికెట్ల లాంటి చిన్న కేసులు చూసే మునిసిపల్ కోర్టు తన సమన్లు తానే పంపుతుంది. జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు అనే చిన్న కేసుల స్థానిక కోర్టులోనూ జ్యూరీ ఉంటుంది. ఈ రెండింట్లో, కౌంటీ కోర్టుల్లో ఆరుగురు జ్యూరర్లు, డిస్ట్రిక్ట్ కోర్టులో పన్నెండుమంది. ఇవన్నీ రాష్ట్రానివి. యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్టు అని ఉంటే అది ఫెడరల్, దాని దారి వేరు, కింద చెబుతాను. గ్రాండ్ జ్యూరీ అన్న మాట ఉందేమో కూడా చూడండి. అది ఒక్క కేసు విని ఇంటికొచ్చేది కాదు, నెలల తరబడి మళ్ళీ మళ్ళీ పిలుస్తారు.

పేరు కూడా సరిచూసుకోండి. మన పేర్లతో ఇది ఒక తంటా. లైసెన్సులో ఇంటిపేరు చివర, ఓటరు కార్డులో ముందు ఉంటే కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు అవుతారు. రెండు జ్యూరర్ నంబర్లతో రెండు కాగితాలు వచ్చే అవకాశం ఉంది. ఒకదానికి వాయిదా తీసుకుని రెండోది వదిలేస్తే, ఆ రెండో నంబరు గైర్హాజరు కింద పడుతుంది. క్లర్కు ఆఫీసుకి ఫోన్ చేసి రెండు నంబర్లూ చెప్పి, ఇద్దరూ నేనేనని కలిపించుకోండి.

వాయిదా అడిగే పద్ధతి: స్వయంగా వెళ్ళొచ్చు, రాసి పంపొచ్చు, ఫోన్ చేయొచ్చు. టెక్సాస్ చట్టంలో ఈ మూడూ ఉన్నాయి. కౌంటీకి ఆన్‌లైన్ పోర్టల్ ఉంటే అదే సులువు. సమన్ల మీదున్న జ్యూరర్ నంబరుతో లోపలికి వెళ్తే మొదట అర్హత ప్రశ్నలు వస్తాయి, అవి నింపాక తేదీ మార్చుకునే పేజీ వస్తుంది. కొత్త తేదీ పాత తేదీ నుంచి ఆరు నెలలలోపు ఉండాలి. మీ లెక్కలో ఫిబ్రవరి దాకా వెసులుబాటు ఉంది.

ఏ తేదీ ఎంచుకోవాలన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే మార్చుకునే అవకాశం దాదాపు ఒక్కసారే. సెప్టెంబరు 5న దిగుతున్నారు కదా అని 8వ తేదీ పెట్టుకోకండి. విమానం ఒక రోజు ఆలస్యమైనా, అక్కడ నాన్నగారికి ఒంట్లో బాగోక టికెట్ వారం జరిపినా మళ్ళీ మొదటికొస్తుంది. రాత్రంతా మెలకువ, పగలంతా కునుకు అన్నట్టుండే మొదటి వారంలో జ్యూరీ బల్ల మీద కూర్చోవడం ఇంకో శిక్ష. తిరిగొచ్చిన తేదీకి కనీసం రెండు వారాలు వదలండి. అలాగని ఆరు నెలల గడువు అంచుకీ తోయకండి. సెప్టెంబరు చివర్నుంచి నవంబరు మొదటి వారం మధ్యలో ఏదైనా మంచిదే. దసరా, దీపావళి ఏ రోజు పడ్డాయో ముందే క్యాలెండర్లో చూసుకోండి. టెక్సాస్‌లో దీపావళికి కోర్టుకి సెలవు లేదు, పూజ ఉందన్నది రెండో వాయిదాకి కారణం కాదు. థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ ముందు వారం పెట్టుకుంటే ట్రయల్స్ తక్కువ కాబట్టి పిలవరని ఒక చిట్కా తిరుగుతుంటుంది. తక్కువ ఉండే మాట నిజమే. కానీ పిలిస్తే వెళ్ళాలి. ఆ వారం పిల్లలకి బడి ఉండదు, అప్పుడు మీరే ఇరుక్కుంటారు.

రాసి పంపేటట్టయితే పెద్ద కథ అక్కర్లేదు. పైన పేరు, చిరునామా, జ్యూరర్ నంబరు, హాజరు తేదీ. కింద నాలుగు వాక్యాలు: ఈ తేదీకి నేను దేశంలో ఉండను; ఆగస్టు 10న బయల్దేరి సెప్టెంబరు 5న తిరిగి వస్తాను, టికెట్ కాపీ జత చేశాను; ఈ కౌంటీలో గత ఏడాదిగా నేను వాయిదా తీసుకోలేదు; ఫలానా, ఫలానా తేదీల్లో ఏదైనా హాజరు కాగలను. పెళ్ళి శుభలేఖ జత చేయడం, చెల్లెలి గురించి రెండు పేరాలు రాయడం అనవసరం. మొదటి వాయిదాకి కారణం తూకం వేసేవాళ్ళు లేరు, వాళ్ళకి కావాల్సింది కొత్త తేదీ. తేదీ మీరే ఇస్తే క్లర్కుకి పని తగ్గుతుంది, మీకు నచ్చని తేదీ వచ్చి పడదు.

పంపడంతో పని అయిపోలేదు. వాయిదా మంజూరైందన్న జవాబు చేతికి వచ్చేదాకా పాత తేదీ బతికే ఉంటుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఈమెయిల్ కొట్టి, జవాబు రాకపోయినా సరేలే అనుకుని విమానం ఎక్కేస్తారు. మూడు నాలుగు పనిదినాల్లో జవాబు లేకపోతే ఫోన్ చేయండి. మంజూరయ్యాక కొత్త కాగితం మళ్ళీ పోస్టులో వస్తుందని ఎదురుచూడకండి. కొన్నిచోట్ల రాదు, ఆ ఈమెయిలే మీ కొత్త సమన్లు. ఫోన్ క్యాలెండర్లో కొత్త తేదీ, జ్యూరర్ నంబరు, కోర్టు చిరునామా వేసుకుని, వారం ముందొకటి, ముందురోజు సాయంత్రం ఒకటి గుర్తుచేసేలా పెట్టుకోండి. చాలా కోర్టులు ముందురోజు సాయంత్రం వెబ్‌సైట్‌లో గానీ రికార్డెడ్ ఫోన్ లైన్లో గానీ ఏ గ్రూపులు రావాలో, ఏవి అక్కర్లేదో చెబుతాయి. కేసు రాజీ అయి జ్యూరీ అవసరం లేకుండా పోవడం తరచూ జరుగుతుంది.

రెండో వాయిదా సంగతి వేరు. ఊహించలేని అత్యవసరం ఉంటేనే ఇస్తారు: ఇంట్లో చావు, హఠాత్తుగా జబ్బు, ప్రకృతి వైపరీత్యం లాంటివి. ప్రాజెక్టు రిలీజ్, వేరే ట్రిప్పు అందులోకి రావు.

వాయిదాకీ, అసలు తీసేయమని అడగడానికీ తేడా బాగా గుర్తుపెట్టుకోండి. పోర్టల్లో రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి. వాయిదా కావాల్సినవాళ్ళు తీసేయమనే బటన్ నొక్కి, దాన్ని తిరస్కరించాక మళ్ళీ వాయిదా అడిగే టైము లేక ఇబ్బంది పడతారు. మీకు టికెట్ కారణం కాబట్టి వాయిదానే అడగాలి. తీసేయమని అడగడానికి చట్టంలో ఉన్న మినహాయింపులు కొన్నే: వయసు 75 దాటడం (2023 సెప్టెంబరుకి ముందు ఇది 70), 12 ఏళ్ళలోపు బిడ్డ మీ కస్టడీలో ఉండి మీరు వెళ్తే చూసుకునేవాళ్ళు లేకపోవడం, హైస్కూల్లోనో కాలేజీలోనో చదువుతూ ఉండటం, తన పని తాను చేసుకోలేని మనిషికి మీరే ప్రధాన సంరక్షకులై ఉండటం, ఇంకా సైన్యంలో ఉండి వేరే చోటికి పంపబడినవారు, శాసనసభ సిబ్బంది లాంటివి. పిల్లల మినహాయింపులో రెండో సగం జనం చదవరు. ఇంట్లో అమ్మమ్మా తాతయ్యా ఉండి రోజూ బిడ్డను వాళ్ళే చూసుకుంటుంటే ఆ మినహాయింపు మీకు వర్తించదు. ఇక్కడ పుట్టి 18 నిండి ఆస్టిన్లోనో, వేరే రాష్ట్రంలోనో చదువుతున్న మన పిల్లలకి సమన్లు ఇంటి చిరునామాకి వస్తాయి. వాళ్ళు విద్యార్థి మినహాయింపు పెట్టుకుంటే సరిపోతుంది. తెరిచి చూడాల్సింది, పంపేలా చేయాల్సింది మీరే, ఎందుకంటే వాళ్ళు పోస్టు డబ్బా అనేది ఒకటుందని కూడా మర్చిపోయి ఉంటారు.

సిటిజన్లు అయిన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాకపోతే దానికీ దారి ఉంది. గ్రీన్ కార్డు మీద చాలా ఏళ్ళు ఉన్న పెద్దవాళ్ళు ఇంగ్లీషు పరీక్ష లేకుండా తెలుగులోనే సివిక్స్ ప్రశ్నలకి జవాబు చెప్పి పౌరసత్వం తెచ్చుకుని ఉండొచ్చు. అలాంటివారిని, ఇంగ్లీషు అర్థం చేసుకోలేరు, మాట్లాడలేరు అన్న కారణం మీద డిస్ట్రిక్ట్ జడ్జి కొంతకాలానికి గానీ శాశ్వతంగా గానీ మినహాయించవచ్చు. అఫిడవిట్ ఇవ్వాలి. జబ్బు కారణమైతే దానికి డాక్టరు కాగితం తోడవ్వాలి. ఒకసారి శాశ్వత మినహాయింపు వస్తే ప్రతి రెండేళ్ళకీ ఈ గొడవ ఉండదు. అమ్మ బదులు మీరు వెళ్ళి కూర్చోవడం, అమ్మ పక్కన కూర్చుని తర్జుమా చేయడం కుదరవు.

మీ మేనేజరు మాట. పని ఒత్తిడి, డబ్బు నష్టం అన్న కారణాలతో టెక్సాస్‌లో ఎవరినీ తేలిగ్గా వదలరు. ఆర్థిక కారణం మీద ఒక జ్యూరర్ని వదలాలంటే కేసులో ఇరుపక్షాలూ అక్కడుండి ఒప్పుకోవాలని చట్టం. అంటే ఆ మాట కోర్టు హాల్లో చెప్పుకోవాల్సిందే గానీ పోర్టల్లో తేలేది కాదు. సొంతంగా గ్యాస్ స్టేషనో, చిన్న హోటలో ఒక్కరే నడుపుకునేవాళ్ళకి ఇది నిజంగా కష్టం. వాళ్ళు జడ్జి అడిగినప్పుడు లెక్కతో సహా చెప్పాలి: మీరు లేకపోతే షాపు తెరిచేవాళ్ళు ఎవరూ లేరా, రోజుకి ఎంత పోతుంది. ఉద్యోగస్తుల విషయంలో చట్టం గట్టిగా ఉంది. జ్యూరీకి వెళ్ళినందుకు శాశ్వత ఉద్యోగిని తీసేస్తే, బెదిరిస్తే, యజమాని ఏడాది నుంచి అయిదేళ్ళ జీతం దాకా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మేనేజరుతో వాదించకండి. సమన్ల కాపీ హెచ్ఆర్‌కి ఈమెయిల్ చేయండి. అది రాతపూర్వకంగా ఉంటే చాలు, ఆయన స్వరం మారుతుంది.

జీతం మాత్రం వేరే లెక్క. ప్రైవేటు కంపెనీ ఆ రోజులకి జీతం ఇవ్వాలని టెక్సాస్‌లో లేదు. పెద్ద కంపెనీల్లో జ్యూరీ సెలవు పాలసీలోనే ఉంటుంది. నెల జీతం మీద, ఓవర్‌టైమ్ లేని ఉద్యోగమైతే ఫెడరల్ నిబంధన ఒకటి మీకు అనుకూలం: ఆ వారంలో కొంచెమైనా పని చేసి ఉంటే జ్యూరీకి వెళ్ళిన రోజుల జీతం కోయకూడదు, కోర్టు ఇచ్చిన డబ్బు మాత్రం మినహాయించుకోవచ్చు. కన్సల్టెన్సీ ద్వారా గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి ఈ రక్షణ లేదు. కోర్టు ఇచ్చేది మొదటి రోజుకి 20 డాలర్లు, ఆ తర్వాత రోజుకి 58. ఆ ఫారంలో మీ డబ్బుని నిధులకి విరాళం ఇవ్వాలా అని గడులుంటాయి. ఇవ్వడం మంచిదే, కానీ చదివి ఇవ్వండి, తొందరలో టిక్కు పెట్టి తర్వాత వెతుక్కోవద్దు. వచ్చేముందు క్లర్కు దగ్గర హాజరు పత్రం అడిగి తీసుకోండి, ఇంటికొచ్చాక హెచ్ఆర్ అడిగేది అదే.

ఎంపిక దశలో లాయర్లు ప్రశ్నలడుగుతారు. పోలీసులంటే నాకు పడదు, అందరూ దొంగలే అని చెబితే వదిలేస్తారని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ప్రమాణం చేసి ఇచ్చే జవాబులవి. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంపిక కాకపోతే ఆ రోజుతోనే ఇంటికి. షార్ట్స్, చెప్పులు వేసుకెళ్ళకండి, కీచెయిన్‌కి చిన్న చాకు ఉంటే ఇంట్లో వదిలేయండి.

ఫెడరల్ కోర్టు గురించి. అక్కడ మామూలుగా మొదట వచ్చేది అర్హత ప్రశ్నావళి, దాంట్లో తేదీ ఉండదు. పది రోజుల్లో నింపి పంపాలి. దానికి జవాబుగా వాయిదా అడగడం అర్థం లేని పని, తేదీ ఉన్న సమన్లు ఎన్నో నెలల తర్వాత రావచ్చు. అది వచ్చాక ఈజ్యూరర్ అనే ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ పోర్టల్లోనో, రాతలోనో అడగాలి. కాలిన్ కౌంటీవాళ్ళు ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లోకి, డాలస్ కౌంటీవాళ్ళు నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తారు. రోజుకి 50 డాలర్లు. కారణం చూపకుండా ఎగ్గొడితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు, సమాజసేవ, వీటిలో ఏదైనా, అన్నీ కలిపైనా వేయొచ్చు.

ఇది చదివే కాలిఫోర్నియావాళ్ళకి: మీ దగ్గర వృత్తి, చదువు ఆధారంగా దాదాపు ఏ మినహాయింపూ లేదు, విద్యార్థులు సెలవులకి వాయిదా వేసుకోవాలి. పాలిచ్చే తల్లులకి ఏడాది దాకా వాయిదా ఉంది, పొడిగించుకోవచ్చు. మూడోసారీ ఎగ్గొడితే జరిమానా 1500 డాలర్ల దాకా వెళ్తుంది. మసాచుసెట్స్‌లో ఒకసారి ఏడాదిలోపు ఏ తేదీకైనా మార్చుకోవచ్చు, మొదటి మూడు రోజుల జీతం కంపెనీయే ఇవ్వాలి.

చెప్పకుండా వెళ్ళిపోతే ఏమవుతుందన్నారు. టెక్సాస్‌లో 100 నుంచి 1000 డాలర్ల జరిమానా, కోర్టు ధిక్కారం కింద. తేదీ నిజంగానే మర్చిపోయినవాళ్ళు మర్నాడే క్లర్కుకి ఫోన్ చేసి ఒప్పుకుంటే మామూలుగా కొత్త తేదీ ఇచ్చి ఊరుకుంటారు. ముదిరేది ఉత్తరం మీద ఉత్తరం వచ్చినా పలకనివాళ్ళకే. పాత అపార్ట్‌మెంట్ చిరునామా లైసెన్సు మీద అలాగే ఉంచినవాళ్ళకి ఆ ఉత్తరాలు అందనే అందవు. ఇల్లు మారిన 30 రోజుల్లో డీపీఎస్‌లో చిరునామా మార్చాలన్న నియమం ఎలాగూ ఉంది.

ఇదే భయాన్ని వాడుకునే మోసగాళ్ళూ ఉన్నారు. షెరీఫ్ ఆఫీసు నుంచని ఫోన్ చేసి, జ్యూరీ డ్యూటీ ఎగ్గొట్టారు, వారెంటు ఉంది, గిఫ్ట్ కార్డులో క్రిప్టోలో ఇప్పుడే కట్టండి అంటారు. ఏ కోర్టూ ఫోన్లో డబ్బు అడగదు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగదు. ఇంట్లో పగలంతా ఫోన్ ఎత్తేది పెద్దవాళ్ళే కాబట్టి ఈ ముక్క ముందు వాళ్ళకి చెప్పి ఉంచండి.

పెళ్ళింట్లో కూడా సమన్లు వచ్చాయి అని మాత్రం చెప్పకండి. ఇండియాలో జ్యూరీ పోయి యాభై ఏళ్ళు దాటింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేదు. సమన్లు అనగానే మీ మీద ఏదో కేసు పడిందనుకుంటారు.

బయల్దేరేముందు క్లర్కు ఆఫీసు ఈమెయిల్, లోకల్ ఏరియా కోడ్ ఉన్న, నేరుగా కలిసే నంబరు రాసి పెట్టుకోండి. టోల్‌ఫ్రీ నంబర్లు ఇండియా నుంచి చాలాసార్లు కలవవు. అక్కడ నిజంగా ఏదైనా అయి తిరుగు ప్రయాణం ఆగితే, కొత్త తేదీ దాటకముందే ఈమెయిల్ పెట్టి, జబ్బయితే ఆసుపత్రి కాగితం, ఇంట్లో చావయితే దాని ధ్రువపత్రం జత చేయండి. ఫోన్ చేయాలనుకుంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో టెక్సాస్ ఉదయం 8 గంటలు హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారాక ఏడున్నర.